రేడియేటర్ మార్చాక ముల్లు ఎగిరెగిరి పడుతోందా? తీయాల్సింది గాలి, వాల్వు కాదు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. నా దగ్గర చిన్న పెట్రోల్ కారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయిన నెల రేడియేటర్ కారుతోందని కొత్తది వేయించాను. అప్పటి నుంచి టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉండట్లేదు. వరంగల్ పోయేటప్పుడు గిర్నిబావి దాటాక ఒక్కసారిగా పైకి లేస్తుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే మళ్ళీ ఎక్కుతుంది. డ్యాష్‌బోర్డు వెనక నీళ్ళు గుడగుడమన్న చప్పుడు వస్తోంది. చూస్తే డబ్బాలో కూలెంట్ నిండుగానే ఉంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసి పారేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాలి అంటున్నాడు. ఇంట్లోవాళ్ళు బండి అమ్మేయమంటున్నారు. వచ్చే నెల మా బావ వాళ్ళింట్లో పెళ్ళి, పిల్లల్ని తీసుకుని మంచిర్యాల పోవాలి. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? ఇది ఇంటి దగ్గర నేనే చేసుకునే పనేనా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఇద్దరినీ ఆగమనండి. వాల్వు తీయించొద్దు, హెడ్డు దించనివ్వొద్దు. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాకే తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కు తిరగనిచ్చే వాల్వు. హెడ్డు ఇంజిన్ పై భాగం, దానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్. మీరు రాసినవాటిలో మూడు గుర్తులు ఒకే వైపు చూపిస్తున్నాయి: గోల రేడియేటర్ మార్చాకే మొదలైంది, ముల్లు ఎక్కి దానంతటదే దిగుతోంది, డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ వినిపిస్తోంది. ఈ మూడూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది కూలింగ్ సిస్టమ్‌లో గాలి చిక్కుకుందనే. షెడ్లలో ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే. ఓపిక ఉంటే ఒక పొద్దుటి పూట మీరే తీసుకోగలరు.

బావి మీద మోటరు పెట్టి వ్యవసాయం చేసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పంపులో గాలి ఉంటే మోటరు గిర్రున తిరుగుతుంది కానీ చుక్క నీరు ఎక్కదు, పైనుంచి నీళ్ళు పోసి నింపితే గానీ పట్టు దొరకదు. కారు ఇంజిన్‌లో వాటర్ పంపు కూడా అదే రకం. రెక్కలకు గాలి తగిలితే తోయడానికి ఏమీ ఉండదు. బండి స్పీడులో ఉన్నప్పుడు పంపు జోరుగా తిరిగి ఎలాగోలా నెట్టుకొస్తుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లోకి రాగానే కూలెంట్ తిరగడం తగ్గిపోతుంది. ఎంజీఎం దగ్గర మీ ముల్లు ఎక్కడానికి ఇదొక కారణం.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికే పోయి కూర్చుంటుంది. ఇంజిన్ హెడ్డు పైభాగం, థర్మోస్టాట్ ఉండే గూడు, ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి పోయే రబ్బరు పైపు (పై హోస్) వంపు, డ్యాష్‌బోర్డు లోపల ఉండే హీటర్ కాయిల్, ఇవే దాని చోట్లు. టెంపరేచర్ సెన్సర్ కూడా సాధారణంగా ఆ థర్మోస్టాట్ పరిసరాల్లోనే ఉంటుంది. సెన్సర్ కొన కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. దాని చుట్టూ గాలి ఉంటే అసలు వేడి దానికి తెలియదు, ముల్లు మామూలుగానే ఉంటుంది. అంతలో కాస్త వేడి ఆవిరో, మరిగే కూలెంటో వచ్చి తగిలితే ఒక్కసారిగా ఎగురుతుంది. గాలి బుడగ అక్కడి నుంచి జరిగితే మళ్ళీ పడిపోతుంది. అందుకే గాలి పట్టిన బండిలో ముల్లు కింద ఉంది కదా అని ధైర్యంగా తోలకండి. ముల్లు చల్లగా చూపిస్తున్నప్పుడే హెడ్డులో ఒక మూల కూలెంట్ తగలక మాడిపోతూ ఉండొచ్చు. అలా మాడితేనే హెడ్డు వంగేది, గ్యాస్కెట్ పోయేది. అంటే మీ రెండో మెకానిక్ చెప్పిన రోగం ఇప్పుడు లేకపోయినా, ఈ గాలిని ఇలాగే వదిలేస్తే రేపు నిజంగానే వస్తుంది. పని తీరే దాకా ఆ బండిని దూరం తోలొద్దు.

గాలి ఎలా చేరిందంటే, రేడియేటర్ మార్చడానికి ఉన్న కూలెంట్ దించేస్తారు. కొత్తది బిగించి, మూతి దగ్గర నిండుగా కనబడేదాకా గబగబా పోసి, మూత పెట్టి ఇచ్చేస్తారు. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది. దాని అవతల, ఇంజిన్ లోపల ఉన్న గాలికి బయటికి దారి లేదు. చాలా థర్మోస్టాట్లకు అంచున చిన్న రంధ్రం, అందులో వదులుగా కదిలే ఒక పిన్ను ఉంటాయి. గాలి కొంచెం కొంచెంగా అందులోంచే తప్పించుకోవాలి. అందుకే నిలువుగా కూర్చునే థర్మోస్టాట్‌ని బిగించేటప్పుడు ఆ రంధ్రం పైవైపుకు రావాలి. తలకిందులుగా పెట్టేస్తే పైన చేరిన గాలికి ఆ దారీ ఉండదు.

హీటర్ సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. మన దగ్గర హీటర్ వాడేదెవరు? చలికాలంలో ఆదిలాబాద్ వైపు పోతే తప్ప ఆ నాబ్ ఎవరూ ముట్టుకోరు. కొన్ని బండ్లలో ఆ నాబ్ చల్లటి వైపు ఉంటే హీటర్ కాయిల్‌లోకి కూలెంట్ వెళ్ళే వాల్వు మూసుకునే ఉంటుంది. షెడ్డులో కూలెంట్ పోసేటప్పుడు దాన్ని తిప్పడం మర్చిపోతే కాయిల్‌లోని గాలి అక్కడే ఉండిపోతుంది. మీకు వినబడే గుడగుడ ఆ కాయిల్‌లోదే.

మీ బండి మాన్యువల్లో కూలింగ్ సిస్టమ్‌కు ఎన్ని లీటర్లు పడుతుందో రాసి ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లలో అది సుమారు 4 లీటర్ల దగ్గర ఉంటుంది. రేడియేటర్ మార్చిన రోజు ఎన్ని లీటర్లు పోశారో షెడ్డులో అడగండి. నాలుగు పట్టాల్సిన చోట మూడే పోసి ఉంటే, ఇంజిన్ లోపల దిగకుండా మిగిలిన పాత కూలెంట్ పోను మిగతా చోటు గాలిది.

డబ్బా నిండుగా ఉందని రాశారు. దాన్ని నమ్మొద్దు. మీలాంటి బండ్లలో ఆ ప్లాస్టిక్ డబ్బా రిజర్వు మాత్రమే. ఇంజిన్ వేడెక్కి కూలెంట్ ఉబ్బితే మిగులు అందులోకి పోతుంది, చల్లారాక రేడియేటర్ మళ్ళీ దాన్ని లోపలికి పీల్చుకోవాలి. ఆ పీల్చుడు జరగాలంటే రేడియేటర్ మూత అడుగున ఉండే చిన్న వాల్వు, మూతి నుంచి డబ్బాకు పోయే సన్నటి గొట్టం రెండూ బాగుండాలి. మూత రబ్బరు ఎండిపోయినా, గొట్టం చీలినా డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ కూలెంట్‌కు బదులు బయటి గాలిని పీల్చుకుంటుంది. కొత్త రేడియేటర్‌కు పాత మూతే పెట్టి ఉంటే ముందు దాన్ని మార్చండి. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, మీ బండికి చెప్పిన అంకె ఉన్నదే కొనాలి. నిజంగా ఎంత కూలెంట్ ఉందో తెలియాలంటే పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి చూడాలి.

చల్లగా ఉన్నప్పుడు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు సుమారు 120 దాకా మరగకుండా ఉంటాయి. వేడి మీద మూత తిప్పారా, ఒత్తిడి పోయి లోపలున్నదంతా ఒక్క క్షణంలో మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ కప్పి తీస్తాం, సగం తిప్పి ఆపుతాం అంటారు. వద్దు తమ్ముడూ. పై హోస్ చేతితో హాయిగా పట్టుకోగలిగేంత చల్లారే దాకా మూత జోలికి పోవద్దు. పిల్లల్ని కూడా బండి ముందు నిలబడనివ్వొద్దు.

ఇక పని. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేసిన వెంటనే, ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద పెట్టండి. ఇంటి ముందు ర్యాంపు ఉంటే చాలు. లేకపోతే మన ఊళ్ళలో చెరువు కట్ట ఎక్కే దారి ఉండనే ఉంటుంది. ముక్కు పైకి ఉంటే రేడియేటర్ మూతే అన్నిటికంటే ఎత్తైన చోటు అవుతుంది, గాలి అటే వస్తుంది. వేడెక్కకముందే ఇంజిన్ ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక టైర్ల కింద పెద్ద రాళ్ళు పెట్టండి. మెడలో తువ్వాలు ఉంటే తీసి ఇంట్లో పెట్టి రండి. కరెంటు ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, ఇంజిన్ ఆపినా కొన్ని బండ్లలో తిరుగుతుంది.

ఏసీ ఆపేయండి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయర్ చిన్న స్పీడులో పెట్టండి. రేడియేటర్ మూత తీయండి. థర్మోస్టాట్ గూడు మీదనో, హీటర్‌కు పోయే పైపు మీదనో గాలి వదిలే స్క్రూ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కాస్త వదులు చేయండి. ఇప్పుడు కూలెంట్‌ని సన్నటి ధారగా పోయండి. ఇక్కడ తొందర పడితే మొదటి షెడ్డువాళ్ళు చేసిన పనే మళ్ళీ చేసినట్టు. పోస్తూ పోస్తూ మధ్యలో పై హోస్‌ని చేత్తో పట్టి పిసకండి, వదలండి. మూతి దగ్గర బుడగలు పైకి వస్తాయి, మట్టం దిగుతుంది. మళ్ళీ పోయండి. స్క్రూ ఉన్న బండిలో అక్కడ మొదట బుసబుస గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగ లేని ధార వస్తుంది. ధార రాగానే స్క్రూ మెల్లగా బిగించేయండి. ప్లాస్టిక్ స్క్రూ అయితే పాతబడి పెళుసుగా ఉంటుంది, బలం చూపిస్తే విరుగుతుంది.

మట్టం ఇక దిగట్లేదు అనిపించాక, మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. మూతికి గట్టిగా కూర్చునే గరాటు ఉంటే పని శుభ్రంగా అవుతుంది, ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి. పల్చటి వాటర్ బాటిల్ కోసి గరాటులా పెట్టొద్దు, వేడికి ముడుచుకుపోయి వేడి కూలెంట్ చేతి మీద పడుతుంది.

పది, ఇరవై నిమిషాలు ఐడిల్‌లోనే తిరగనివ్వండి. కూలెంట్ వేడెక్కి మూతి దగ్గర కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది, చిన్న చిన్న బుడగలు వస్తూ ఉంటాయి. అప్పుడప్పుడూ పై హోస్‌ని తాకి చూడండి. చాలా బండ్లలో అది చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. థర్మోస్టాట్ సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది తెరుచుకున్న క్షణం మీకు తెలుస్తుంది: అప్పటిదాకా గోరువెచ్చగా ఉన్న పైపు చూస్తుండగానే చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, మూతి దగ్గర పెద్ద బుడగ ఒకటి బుడుక్కున పగులుతుంది, కూలెంట్ మట్టం గబుక్కున కిందికి జారిపోతుంది. ఇంజిన్ లోపల ఇన్నాళ్ళూ చిక్కుకున్న గాలి అప్పుడే బయటపడేది. చాలామంది ఈ క్షణం రాకముందే ‘అయిపోయింది’ అని మూత పెట్టేస్తారు. మీరు మాత్రం అక్కడే నిలబడి, దిగిన మేరకు కూలెంట్ మెల్లగా పోస్తూ ఉండండి.

తర్వాత ఎవరినైనా యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి, రెండు వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల అర నిమిషం పట్టి వదలమనండి. తొక్కినప్పుడు మట్టం దిగుతుంది, వదిలినప్పుడు పొంగుతుంది, కాబట్టి వదిలేటప్పుడు మీరు కాస్త వెనక్కి జరగండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే హీటర్ కాయిల్‌లో మిగిలింది కూడా వచ్చేస్తుంది. లోపల కూర్చుని హీటర్ గాలి చూడండి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడు వేడిగా, ఐడిల్‌లో చల్లగా వస్తోందంటే కాయిల్‌లో గాలి ఇంకా ఉంది. ఐడిల్‌లో కూడా ఒకే తీరుగా వేడిగాలి వస్తోందంటే పోయింది. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగడం రెండుసార్లు జరిగే దాకా ఆగండి. బుడగలు ఆగి, మట్టం నిలకడగా ఉన్నప్పుడు మూతి నిండా పోసి, గుడ్డతో పట్టుకుని మూత బిగించి, ఇంజిన్ ఆపేయండి. రిజర్వు డబ్బాలో మ్యాక్స్ గీత దాకా పోయండి.

ఈ పని మధ్యలో ముల్లు మామూలు కంటే పైకి పోతే వెంటనే ఇంజిన్ ఆపేయాలి. అప్పుడు చల్లటి నీళ్ళు మాత్రం పోయొద్దు. బాగా వేడెక్కిన హెడ్డుకు చన్నీళ్ళు తగిలితే పగుళ్ళు వస్తాయి. చల్లారాక మళ్ళీ మొదటి నుంచి.

మర్నాడు పొద్దున్నే మూత తీసి చూడండి. కొంచెం దిగి ఉంటుంది, భయపడొద్దు. మిగిలిన చిన్న బుడగలు రాత్రి చల్లారేటప్పుడు పైకి చేరతాయి. నింపి మూత పెట్టండి. రెండు మూడు పొద్దులు ఇలా చూస్తే మట్టం ఒక చోట నిలబడుతుంది.

వాల్వు తీసేయాలన్న మాట దగ్గరికి వస్తాను. ఈ అలవాటు మన షెడ్లలో ఏళ్ళ తరబడి ఉంది. ‘మన ఎండలకు వాల్వు ఎందుకు’ అంటారు. వాల్వు లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపిస్తుంది. మైలేజ్ పడిపోతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే పక్కదారి పైపును మూస్తుంది. దాన్ని పీకేస్తే కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా పక్కదారిలోనే తిరిగి, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఏ రకంగా చూసినా గాలి పట్టిన బండికి అది మందు కాదు. థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే బయటికి తీసి, వంటకు వాడని గిన్నెలో నీళ్ళలో వేసి కాచండి. దాని మీద తెరుచుకునే డిగ్రీలు చెక్కి ఉంటాయి. మరిగే నీళ్ళలో కూడా నోరు తెరవకపోతే కొత్తది వేయించండి. చిన్న కార్లకు హెడ్డు పనితో పోలిస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు.

కూలెంట్ విషయంలో ఒక మాట. బోరు నీళ్ళు పోయకండి. మన వైపు బోర్లలో ఉప్పులు ఎక్కువ. రేడియేటర్ సన్నటి గొట్టాల లోపల తెల్లటి పొర కట్టి, కొత్తగా వేయించిన రేడియేటర్ మళ్ళీ మూసుకుపోతుంది. ‘రెడీ టు యూజ్’ రకం కొంటే అలాగే పోయాలి, నీళ్ళు కలపొద్దు. చిక్కటి రకం కొంటే బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు, మాన్యువల్లో చెప్పిన రకం చూసుకోండి. కింద పడినదాన్ని, పాతదాన్ని వాకిట్లో వదలొద్దు. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, మేకలు నాకుతాయి, చిన్నపిల్లలకు ఇంకా ప్రమాదం. మూత ఉన్న డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేయండి.

రేడియేటర్‌కు అసలు మూతే లేకుండా, బానెట్ కింద ఎత్తులో ఉన్న ప్లాస్టిక్ ట్యాంకుకే గట్టి మూత ఉన్న బండ్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. అలాంటివాళ్ళు ఆ ట్యాంకులోనే పోసి, ఇదే పద్ధతి పాటించాలి. కొన్ని మోడళ్ళకు స్క్రూలు ఏ వరుసలో తెరవాలో కూడా మాన్యువల్ చెబుతుంది, అవి షెడ్డులోనే చేయించడం మేలు.

ఇంత చేశాక కూడా నాలుగు రోజులకు గుడగుడ మళ్ళీ మొదలైతే ఎక్కడినుంచో గాలి కొత్తగా చేరుతోందన్నమాట. ముందు హోస్ క్లిప్పులు, వాటర్ పంపు అడుగున తడి, పక్క సీటు ముందు కాళ్ళ దగ్గర మ్యాట్ కింద తడి చూడండి. షెడ్డులో ప్రెషర్ టెస్ట్ చేస్తే కారే చోటు దొరుకుతుంది. ఎక్కడా కారట్లేదంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మాట. దానికీ గుర్తులు ఉన్నాయి: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, పై హోస్ వేడెక్కకముందే గట్టిపడటం, మూతి దగ్గర బుడగలు ఎంతసేపటికీ ఆగకపోవడం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఆయిల్ మూత అడుగున పాలు కలిపినట్టు జిగురు. ఇవి కనబడినా హెడ్డు దించే ముందు ఒక టెస్ట్ చేయమని అడగండి. రేడియేటర్ మూతి దగ్గర గాలిని ఒక నీలి ద్రావణం గుండా పంపిస్తారు. ఇంజిన్ పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఆ టెస్ట్ చేయకుండా ‘అనుభవంతో చెబుతున్నా’ అనేవాళ్ళ చేతికి హెడ్డు ఇవ్వకండి.

బండి అమ్మడం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. రోగం తెలియకుండా అమ్మితే సగం ధరే వస్తుంది, కొన్నవాడికీ అన్యాయం. ముందు గాలి తీయండి, రెండు మూడు పొద్దులు మట్టం చూసుకోండి, ఆ తర్వాత ఒక్కరే వరంగల్ దాకా పోయి రండి. ఎంజీఎం ట్రాఫిక్‌లో కావాలనే కాసేపు నిలబడండి. ముల్లు కదలకపోతే, మర్నాడు పొద్దున మట్టం దిగకపోతే, పిల్లల్ని ఎక్కించుకుని మంచిర్యాల పోవచ్చు. రామగుండం, మంచిర్యాల వైపు ఎండ మనకంటే గట్టిది, కాబట్టి మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామునే బయలుదేరండి. కలిపిన కూలెంట్ రెండు లీటర్లు డిక్కీలో పెట్టుకోండి. దారిలో ముల్లు ఎక్కడం మొదలుపెడితే ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టండి. ఎండలో అది నరకమే, కానీ ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అయినా దిగకపోతే నీడ చూసి ఆపి, పిల్లల్ని దింపి, ఇంజిన్ కట్టేసి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి.